మార్కులు వేయాల్సిన చోట ఎఫ్‌ఐఆర్

2024 ఫిబ్రవరి 2 సాయంత్రం పుణెలోని సావిత్రీబాయి ఫూలే విశ్వవిద్యాలయంలో లలిత కళా కేంద్ర విద్యార్థులు ‘జబ్ వి మెట్’ అనే నాటకం వేశారు. రామలీల ఆడే నటులు తెర వెనుక ఎలా ఉంటారు, ఏం మాట్లాడుకుంటారన్నది అందులో విషయం. సీత వేషం కట్టిన కుర్రాడు సిగరెట్ వెలిగిస్తాడు, తోటి నటుల మాటల్లో బూతులు దొర్లుతాయి. ఏబీవీపీ కార్యకర్తలు ప్రదర్శనను మధ్యలోనే ఆపించారు, తోపులాట జరిగింది. మర్నాడు కేంద్రం అధిపతి ప్రవీణ్ భోలేను, ఐదుగురు విద్యార్థులను పోలీసులు అరెస్టు చేశారు. మతభావాలను గాయపరిచారన్నది ఆరోపణ. తర్వాత బెయిల్ వచ్చింది. ఈలోగా కళాకేంద్రం భవనం మీద దాడి కూడా జరిగిపోయింది.

వార్తల్లో పెద్దగా పట్టించుకోని వివరం ఒకటుంది. ఆ నాటకం టికెట్ పెట్టి ఊళ్లో ఆడింది కాదు, విద్యార్థుల పరీక్షలో భాగంగా వేసింది. అంటే నటన, రచన, దర్శకత్వం ఎలా ఉన్నాయో చూసి మాస్టారు మార్కులు వేయాలి. బాగా లేకపోతే తక్కువ వేయాలి, మరీ బాగా లేకపోతే ఫెయిల్ చేయాలి. తరగతి గదికి ఉన్న అధికారం అంతే. ఈ కేసులో ఆ అధికారాన్ని బయటివాళ్లు లాక్కుని పోలీస్ స్టేషన్‌కు అప్పగించారు. మూల్యాంకనం చేయాల్సిన మాస్టారే నిందితుల జాబితాలో మొదటివాడయ్యాడు.

సీత వేషగాడు పొగ తాగడం మన ఊళ్లలో ఎవరికి తెలియదు? పద్యనాటకాలు ఆడిన ఏ పల్లెలోనైనా పెద్దవాళ్లను అడగండి, రంగు పూసుకుని చుట్ట కాల్చే ద్రౌపదుల కథలు చెబుతారు. తోలుబొమ్మలాటలో రాముడి కథ నడుస్తుండగానే జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి పచ్చి హాస్యం దంచేవారు. తెల్లవార్లూ చూసిన జనం నవ్వుకుని ఇళ్లకు పోయేవారు, ఎవరి భక్తీ తగ్గలేదు.

పుణె సంగతి కొత్తదనుకుంటే పొరపాటు. దీనికి పూర్వరూపం 2007 మే నెలలో వడోదరలో కనబడింది. అందులో ప్రధాన పాత్ర ఒక తెలంగాణ విద్యార్థిది. మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీలో మాస్టర్స్ చేస్తున్న శ్రీలమంతుల చంద్రమోహన్ వార్షిక మూల్యాంకనం కోసం తన చిత్రాలను గోడకు తగిలించాడు. వాటిలో హిందూ, క్రైస్తవ ప్రతీకలను నగ్నంగా వాడుకున్నాడు. చూడాల్సినవాళ్లు పరీక్షకులు, తోటి విద్యార్థులు. మే 9న స్థానిక హిందుత్వ నాయకుడొకరు అనుచరులతో లోపలికి చొరబడ్డాడు. పోలీసులు వచ్చి చంద్రమోహన్‌ను పట్టుకెళ్లారు. అతను రోజుల తరబడి కస్టడీలో ఉన్నాడు. చొరబడిన వారి మీద విశ్వవిద్యాలయం కనీసం ఫిర్యాదు కూడా చేయలేదు.

తర్వాత జరిగింది ఇంకా చెప్పుకోదగినది. నగ్నత్వం భారతీయ కళకు కొత్త కాదని చూపడానికి విద్యార్థులు ఫ్యాకల్టీ సొంత చిత్ర భాండాగారం నుంచి దేవాలయ శిల్పాల ఫొటోలు తీసి ప్రదర్శన పెట్టారు. రోజూ కళాచరిత్ర క్లాసులో చూపించే బొమ్మలే అవి. అధికారులు దాన్ని మూసేయమన్నారు. ఇన్‌చార్జి డీన్ శివాజీ పణిక్కర్ మూయనన్నారు. ఆయన్ను సస్పెండ్ చేసి, ప్రదర్శనకు తాళం వేశారు. పాఠ్యాంశంగా చెప్పే బొమ్మను గోడకు తగిలిస్తే నేరమన్నమాట.

బరోడాకు తెలుగు చిత్రకళ పడిన రుణం తెలిస్తే ఈ తాళం మరింత బాధ పెడుతుంది. 1960లలో కె. లక్ష్మాగౌడ్ అక్కడే కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు, తోట వైకుంఠం తర్వాత వెళ్లారు. మెదక్ జిల్లా నిజాంపూర్ పల్లె మనుషులను, వాళ్ల దేహాలను, కోరికలను దాపరికం లేకుండా గీసిన లక్ష్మాగౌడ్ ఆ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్‌లో పాఠాలు చెప్పారు, పద్మశ్రీ అందుకున్నారు. ఆ గీతలు 2007లో ఒక విద్యార్థి మూల్యాంకనం గోడ మీద ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. పదిహేనేళ్ల తర్వాత, 2022 మేలో, అదే ఫ్యాకల్టీలో మరో విద్యార్థి అత్యాచార వార్తల పేపరు కటింగులతో దేవతల ఆకారాలు చేశాడు. మళ్లీ గొడవ, మళ్లీ కేసు. ఈసారి విశ్వవిద్యాలయం ఏకంగా విద్యార్థినే బహిష్కరించింది.

2007కూ 2024కూ మధ్య వచ్చిన తేడా ఇక్కడే ఉంది. అప్పట్లో బయటివాళ్లు వచ్చి అల్లరి చేస్తే యాజమాన్యం చేతులు ముడుచుకుంది. ఇప్పుడు శిక్ష వేసే పని యాజమాన్యమే చేపట్టింది. ఐఐటీ బొంబాయిలో ఏటా జరిగే ప్రదర్శన కళల ఉత్సవంలో 2024 మార్చి 31న ‘రాహోవన్’ అనే నాటకం వేశారు. రామాయణం ఛాయలున్న కథ, పాత్రల పేర్లు మార్చారు. సీతను పోలిన పాత్ర తనను ఎత్తుకుపోయినవాడి సమాజంలో స్త్రీకి దక్కే గౌరవాన్ని మెచ్చుకుంటుంది. వీడియో ముక్కలు బయటకు రాగానే ఫిర్యాదులు వచ్చాయి. క్రమశిక్షణ సంఘం కూర్చుంది. నలుగురికి తలా 1.2 లక్షల రూపాయలు, మరో నలుగురికి తలా 40 వేలు జరిమానా వేసింది. 1.2 లక్షలంటే దాదాపు ఒక సెమిస్టర్ ఫీజు. ఎఫ్‌ఐఆర్ అయితే కోర్టుంది, వాదనుంది, బెయిలుంది. హాస్టల్ విద్యార్థి మీద లక్ష రూపాయల జరిమానాకు బెయిలు లేదు. ఇంట్లో చెప్పుకోలేని అప్పు మాత్రం ఉంది.

రాహోవన్‌కు రెండు రోజుల ముందు పుదుచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ‘సోమాయణం’ ఆడారు. అక్కడా రామాయణ పాత్రలే, మార్చిన పేర్లే. పోలీసు కేసు పడింది, శాఖాధిపతిని పదవి నుంచి తప్పుకోమన్నారు. రెండు నెలల్లో మూడు ప్రాంగణాలు, మూడు నాటకాలు.

ఈ నాటకాలన్నీ గొప్పవని నేను అనడం లేదు. సోమాయణంలో కొన్ని సన్నివేశాలు రెచ్చగొట్టడానికే రాసినట్టున్నాయని కొందరు అన్నారు. అయి ఉండవచ్చు. ఇరవై ఏళ్లకు రాసిన నాటకం అపరిపక్వంగా ఉండటం వింతేమీ కాదు. దాన్ని చీల్చి చెండాడే సమీక్ష మర్నాడు అదే డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద పడాలి. మాస్టారు తిట్టాలి, ప్రేక్షకుడు లేచి ప్రశ్నించాలి. 1920లోనే త్రిపురనేని రామస్వామి ‘శంబుకవధ’ రాస్తే తెలుగునాట పండితులు ఖండనలతో విరుచుకుపడ్డారు. కానీ అది వాదంగా నడిచింది.

చట్టం కూడా జనం అనుకున్నంత గుడ్డిది కాదు. పాత 295ఎ సెక్షన్ కింద నేరం కావాలంటే ఉద్దేశపూర్వకమైన, దురుద్దేశంతో కూడిన అవమానం ఉండాలి. రాంజీలాల్ మోదీ కేసులో 1957లోనే సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 299లోనూ అవే మాటలున్నాయి. ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కవిత మీద పెట్టిన కేసును 2025 మార్చి 28న కొట్టేస్తూ సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే మాటల నేరాల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణకు కొత్త చట్టం వీలిస్తోందని, పోలీసులు దాన్ని వాడుకోవాలని. 299కీ గరిష్ఠ శిక్ష మూడేళ్లే. అంటే విద్యార్థి నాటకం మీద ఫిర్యాదు వచ్చిన సాయంత్రమే అరెస్టుకు పరుగెత్తాల్సిన పని స్టేషన్ అధికారికి లేదు. కానీ యాజమాన్యం వేసే జరిమానాకు ఈ తీర్పులేవీ తగలవు. నియమావళిలో ‘సంస్థ ప్రతిష్ఠకు భంగం’ అన్న ఒక్క వాక్యం చాలు.

ఇది ఒక పార్టీ పాలించే రాష్ట్రాల జబ్బే అనుకుని మనం ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. 2019 ఆగస్టులో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆనంద్ పట్వర్ధన్ ‘రామ్ కే నామ్’ ప్రదర్శించబోయిన విద్యార్థులను పోలీసులు పట్టుకెళ్లారు. అది సెన్సార్ సర్టిఫికెట్, జాతీయ అవార్డు ఉన్న చిత్రం. అప్పుడు తెలంగాణలో టీఆర్‌ఎస్ ప్రభుత్వం. 2025 మార్చిలో ఉస్మానియా అధికారులు శాఖల్లో, కళాశాలల్లో, పాలనా భవనంలో ధర్నాలు, నినాదాలు వద్దంటూ సర్క్యులర్ ఇచ్చారు. అప్పుడు కాంగ్రెస్ ప్రభుత్వం. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం ఆడిన ప్రాంగణమది, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద పాడిన పాటలతో నాయకులైనవాళ్లు ఇంకా చట్టసభల్లో ఉన్నారు.

చంద్రమోహన్ పేరు 2018 ఫిబ్రవరిలో మళ్లీ పత్రికల్లో వచ్చింది. బరోడాలో వైస్ చాన్సలర్ కార్యాలయానికి నిప్పు పెట్టాడన్న ఆరోపణపై అరెస్టయ్యాడు. గోడకు చిత్రాలు తగిలించి పదకొండేళ్లవుతున్నా, అప్పటికీ అతని చేతికి మాస్టర్స్ పట్టా రాలేదు.