లాబ్రడార్‌కి క్లబ్బు చదువు అవసరమా?

వేటలో పడిన బాతును నీళ్లలోంచి పంటిగాటు లేకుండా తెచ్చివ్వడం లాబ్రడార్‌ల వృత్తి. దివిసీమలో ఆ పనికి తావు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి బాతుల వేట నేరం. మరి బందరు, గుడివాడ వాళ్లు ఫీజు కట్టి, దూరాభారమై, శిక్షణ క్లబ్బుల్లో చేరడం దేనికి? డాగ్‌షోల సరదా ఉంటే సరే. అప్పుడు కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ కాగితాలూ చూసుకోవాలి.

ఇంటి కుక్కకు పిలవగానే వెనక్కి రావడం వస్తే చాలు. ఇక్కడ అదే ప్రాణరక్షణ. నీళ్లు కనబడితే దూకే జాతి ఇది. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లూ, కరెంటు తీగలూ! క్లబ్బులో అసలు నేర్చుకోవాల్సింది యజమాని. ఇంట్లో రోజూ పది నిమిషాలు సాధన లేకపోతే ఆ ఫీజు దండగే. పొడవాటి తాడు కట్టి పిలవండి, రాగానే ఎముకలేని కోడిముక్క పెట్టండి. ఎండెక్కాక మాత్రం వద్దు.