ఇంటి ముంగిటి వైద్యం – పరిశోధన

ఆరోగ్యమే మహాభాగ్యమన్నారు పెద్దలు. ఆ భాగ్యం నగరాల్లోని పెద్ద ఆస్పత్రుల్లో మాత్రమే లభించేదైతే, పల్లెల్లోను మురికివాడల్లోను నివసించే కోట్లాది ప్రజలకు అది అందని మానిపండే అవుతుంది. జ్వరం, విరేచనాలు, రక్తహీనత, రక్తపోటు, మధుమేహం వంటివి మొదట మనిషి ఇంటి గుమ్మంలోనే ఎదురుపడతాయి. వాటిని అక్కడే గుర్తించి, నివారించి, తగిన చికిత్స అందించే ఏర్పాటే ప్రాథమిక ఆరోగ్య సేవ. స్థానిక ప్రజలను, వారి నుంచే వచ్చిన కార్యకర్తలను భాగస్వాములుగా చేసుకొన్నప్పుడు ఆ సేవ సామాజిక స్వరూపం పొందుతుంది. ఈ సేవను విస్తరించడం ఎంత అవసరమో, దానిని మెరుగుపరిచే పరిశోధనకు ప్రభుత్వం నిధులు సమకూర్చడం కూడా అంతే అవసరం.

గ్రామ ప్రజలకు చేరువలో ఆరోగ్య కేంద్రాలు ఉండాలని భోర్ కమిటీ 1946లోనే సూచించింది. ఆ సూచన ననుసరించి 1952 నుంచి మన దేశంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వెలిశాయి. 1978లో ఆల్మా ఆటాలో జరిగిన అంతర్జాతీయ సదస్సు ప్రాథమిక ఆరోగ్య సేవే అందరికీ ఆరోగ్యం సాధించే మార్గమని ప్రకటించింది. 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ద్వారా గ్రామగ్రామాన ఆశ కార్యకర్తలు వచ్చారు. అయితే కేంద్రాలు నిర్మించడం, కార్యకర్తలను నియమించడం ఒక ఎత్తు; వారి చేతుల మీదుగా ఏ సేవ, ఏ పద్ధతిలో అందితే ప్రాణాలు నిలుస్తాయో తెలుసుకోవడం మరొక ఎత్తు. ఈ రెండవ పనికి పరిశోధన తప్ప వేరు దారి లేదు.

ఇందుకు క్షయవ్యాధి చరిత్రే చక్కని నిదర్శనం. ఒకప్పుడు క్షయ సోకినవారిని ఇంటికి దూరంగా, గాలీ వెలుతురూ ధారాళంగా ఉండే శానిటోరియంలలో నెలల తరబడి ఉంచేవారు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం అటువంటి చికిత్సాలయంగా తెలుగునాట ప్రసిద్ధి పొందింది. కాని దేశంలోని రోగుల సంఖ్యతో పోలిస్తే ఆస్పత్రి పడకలు అత్యల్పం. ఈ స్థితిలో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి 1956లో మద్రాసులో ఒక పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పాయి. అక్కడి వైద్యులు నగరంలోని పేద రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి శానిటోరియంలో, మరొక వర్గానికి ఇంటివద్దనే, ఏడాదిపాటు ఒకే రకమైన మందులు ఇచ్చారు. ఇరుకు గదుల్లో, అరకొర తిండితో ఉన్నప్పటికీ ఇంట్లో చికిత్స పొందినవారు శానిటోరియంలోని వారితో దాదాపు సమానంగా కోలుకొన్నారు. వారివల్ల కుటుంబ సభ్యులకు అదనంగా ముప్పు కలగలేదని కూడా తేలింది. 1959లో ఈ ఫలితాలు వెలువడడంతో ప్రపంచమంతటా క్షయ చికిత్స మారిపోయింది. 1962లో ప్రారంభమైన మన జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమానికి ఈ పరిశోధన బలమైన పునాది అయింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ పరిశోధన కొత్త మందును కనుగొనలేదు. ఉన్న మందులను ఇంటివద్దనే ఇవ్వవచ్చునని నిరూపించింది. ఇటువంటి జ్ఞానాన్ని సీసాలో నింపి అమ్మడం సాధ్యం కాదు. లాభాపేక్షతో నడిచే సంస్థ దీనిపై ధనం వెచ్చించాలని ఆశించడం అవివేకం. ఫలం ప్రజలందరిదీ అయినప్పుడు, పెట్టుబడి ప్రజాధనం నుంచే రావాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన కృషి కూడా ఇదే చెబుతోంది. పిల్లలకు ఎక్కువ మోతాదులో విటమిన్ ఎ ఇస్తే అంధత్వాన్ని నివారించవచ్చునని ఆ సంస్థ క్షేత్రస్థాయిలో పరిశీలించింది. దాని ఆధారంగా 1970లో జాతీయ కార్యక్రమం మొదలైంది.

ప్రభుత్వం ముందే సిద్ధపడకపోతే కలిగే నష్టాన్ని కూడా తలచుకోవాలి. తెలంగాణకు ఆనుకొని ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ స్థాపించిన స్వచ్ఛంద సంస్థ గ్రామీణ మహిళలకు నవజాత శిశు సంరక్షణలో శిక్షణ ఇచ్చింది. శిశువును తూచడం, వెచ్చగా ఉంచడం, ప్రమాద లక్షణాలను పసిగట్టి చికిత్స చేయడం వారు నేర్చుకొన్నారు. ఆ సేవ లభించిన 39 గ్రామాల్లో నవజాత శిశు మరణాలు మూడేళ్లలో సగానికి పైగా తగ్గాయి. 1999లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. ఆశ కార్యకర్తలు బాలింతల ఇళ్లకు వెళ్లి శిశువులను చూసే జాతీయ కార్యక్రమం మాత్రం 2011లో గాని రాలేదు. ఆ పన్నెండేళ్లలో నెల తిరగకుండానే ఎందరో పసికందులు కన్నుమూశారు. ఒకచోట రుజువైన పద్ధతిని వెంటనే ఇతర ప్రాంతాల్లో పరీక్షించేందుకు నిధులు, యంత్రాంగం సిద్ధంగా ఉంటే ఇటువంటి జాప్యం తగ్గుతుంది.

ఆరోగ్య కేంద్రాల్లో మందులు, సిబ్బంది చాలనప్పుడు పరిశోధనకు ధనం ఎందుకని కొందరు ప్రశ్నిస్తారు. ఆ ఆవేదన న్యాయమైనదే. కాని ధనం కొరతగా ఉన్న ఇంటివారే ఖర్చును ఆచితూచి చేస్తారు. ఏది ఫలిస్తుందో తెలియకుండా దేశమంతటా పథకాలు ప్రవేశపెట్టడమే అసలైన దుబారా. 2019–2022 మధ్య భారత వైద్య పరిశోధన మండలి నిధులతో ఝార్ఖండ్‌లో ఒక పరిశోధన జరిగింది. క్షయ రోగుల కుటుంబ సభ్యులకు బియ్యం, పప్పు వంటి ఆహార దినుసులు అందించగా, వారిలో కొత్తగా క్షయ సోకినవారి సంఖ్య దాదాపు 40 శాతం తగ్గింది. పేదల కంచంలోని పప్పన్నానికి ఇంతటి రక్షణశక్తి ఉన్నదని లెక్కలతో నిరూపించినది పరిశోధనే.

అయినా మన కేటాయింపులు స్వల్పమే. 2025–26 కేంద్ర బడ్జెటులో ఆరోగ్య మంత్రిత్వ శాఖకు కేటాయించిన సుమారు 99,859 కోట్ల రూపాయలలో ఆరోగ్య పరిశోధన విభాగానికి దక్కినది దాదాపు 3,900 కోట్లు. అంటే రూపాయిలో నాలుగు పైసలు. ప్రయోగశాలలు, పెద్ద సంస్థల అవసరాలు తీరగా పల్లె వైద్యానికి మిగిలేది అందులో కొంత భాగమే. ప్రజారోగ్య వ్యయంలో మూడింట రెండు వంతులు ప్రాథమిక సేవకు చెందాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. అదే రీతిగా ప్రతి ఆరోగ్య పథకంలోను నిర్ణీత భాగాన్ని దాని ఫలితాల పరిశీలనకు ప్రత్యేకించాలి. కొత్త పథకాన్ని ముందు కొన్ని మండలాల్లో అమలుచేసి, మిగిలిన మండలాలతో పోల్చి చూసిన తరువాతనే విస్తరించాలి.

ధనమొక్కటే చాలదు. పరిశోధన గ్రంథాలు అలమరల్లో మగ్గిపోతే ప్రయోజనం శూన్యం. ఏ ప్రశ్నకు సమాధానం కావాలో ఆశ కార్యకర్తను, ఏఎన్ఎంను, గ్రామస్థులను అడిగి నిర్ణయించాలి. ప్రజల అనుమతితోనే పరిశీలన జరగాలి. వివరాలు సేకరించే కార్యకర్తల అదనపు శ్రమకు తగిన ప్రతిఫలం చెల్లించాలి. తేలిన ఫలితాన్ని గ్రామసభలో తెలుగులోనే వివరించాలి. ప్రజలు పరిశోధనకు వస్తువులు కారు, భాగస్వాములు.

మద్రాసులో ఆ పరిశోధన మొదలైననాటికి స్వతంత్ర భారతదేశానికి పట్టుమని పదేళ్లు లేవు. తిండిగింజలకే కటకటపడిన ఆ రోజుల్లో, పేదవాని ఇంట్లోనే అతని రోగం నయమవుతుందా అని తెలుసుకొనేందుకు ప్రభుత్వం ధనం వెచ్చించింది. నాడు లేమిలో చేయగలిగిన పనిని నేడు కలిమిలో చేయలేకపోవడానికి కారణం లేదు.