మోదుగ వేరు, తీగ మోదుగ వేరు. రాయాల్సింది మనమే

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

డిగ్రీలో హెర్బేరియం కోసం మా ఊరి అడవి నుంచి ఒక కొమ్మ తీసుకెళ్లాను. మూడేసి ఆకులు, నారింజ పూలు. సారు చూసి "మోదుగ" అని రాసేశారు. "కాదు సార్, ఇది తీగ మోదుగ" అన్నా. "రెండూ ఒకటేలే" అన్నారు. మా నాయనమ్మ వింటే నవ్వేది.

అవి ఒకటి కావు, అక్కాచెల్లెళ్లు. మోదుగ (బ్యూటియా మోనోస్పెర్మా) చెట్టు. తీగ మోదుగ (బ్యూటియా సుపర్బా) పెద్ద చెట్లను పట్టుకుని పైకి పాకే లావుపాటి తీగ. దాని ఆకు మోదుగాకు కంటే చాలా పెద్దది, పువ్వూ పెద్దదే. కాయలో మాత్రం రెండిటికీ ఒకటే గింజ.

మోదుగను అందరూ ఎరుగుదురు. పూలతో హోలీ రంగు, ఆకుతో విస్తర్లు, కొమ్మ మీద లక్క. నరికినా మళ్లీ చిగురిస్తుంది. తీగ మోదుగకు పాకడానికి పెద్ద చెట్లుండాలి. అవి పోతే అదీ పోతుంది. పైగా కలపకు అడ్డమని అడవిలో తీగల్ని నరికే అలవాటు పాతది. రెండూ ఒకటే అనుకుంటే, తీగ మాయమైనా "మోదుగ ఉందిగా" అంటారు. నా భయం అదే.

సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ 1795 నాటి తన కోరమాండల్ మొక్కల పుస్తకంలోనే ఈ రెండిటినీ వేరువేరుగా రాశాడు. మనం ఇంకా కలిపేస్తే ఎలా?

2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి ఊరికీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాసుకోవచ్చు. "రాస్తే కంపెనీలోళ్లు ఎత్తుకుపోతారు" అని మనోళ్లు కొందరంటారు. ఆ భయం ఉత్తది కాదు. తీగ మోదుగ దుంపను థాయ్‌లాండ్‌లో మందుగా అమ్ముతున్నారు. అందుకే మందు గుట్టు రాయొద్దు. పేరు, గుర్తులు, మన వాడుక చాలు. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ జ్ఞానంపై హక్కు మనకే ఇచ్చింది. కానీ ఎక్కడా రాసి లేని దానిపై హక్కు నిరూపించుకోవడం కష్టం.

ఈసారి మోదుగ పూసే రోజుల్లో ఇంటికెళ్తే, పెద్దోళ్లను వెంటబెట్టుకుని అడవికి వెళ్లండి. రెండిటికీ మీ భాషలో ఏ పేర్లున్నాయో అడిగి కింద కామెంట్‌లో పెట్టండి. గోండి, కోలామి, కోయ, కువి, ఏదైనా సరే. ముందు మన పేర్లు మనం పోగేసుకుందాం.