తెర మీద ఎవరున్నారు?

2020 లాక్‌డౌన్ నాటి నుంచి మన సమావేశాలు చాలావరకు ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. బస్సు ఛార్జీలు మిగిలాయి, పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి రావాలన్న బెంగ తగ్గింది. ఈ మేలును కాదనను. కానీ ఇందులోకి ఎవరు రాగలుగుతున్నారు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. పురుషులు 48.8, 57.9 శాతం.

వచ్చినవాళ్లైనా సమానంగా ఉన్నారా? కెమెరా ఆన్ చేయమంటాం. ఒకే గదిలో అత్తమామల మధ్య, భర్త ఫోనుతో కూర్చున్న స్త్రీ ఇంట్లో జరిగే హింస గురించి ఏం చెప్పగలదు? అలాంటి మౌనాన్ని అంగీకారంగా మినిట్స్‌లో రాసుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందరిదీ అనుకునే వైట్‌బోర్డు మీద రాసేది ల్యాప్‌టాప్ ఉన్న నలుగురమే, అదీ ఇంగ్లీషులో. సుద్దముక్క ఎవరి చేతిలో ఉందన్న పాత ప్రశ్నే ఇది.

అందుకే కొన్ని నియమాలు పెట్టుకుందాం. వీడియో ఎవరి ఇష్టం వారిది. మామూలు ఫోను నుంచి కూడా విని, మాట్లాడే ఏర్పాటు ఉండాలి. బోర్డు మీది ప్రతి మాటా తెలుగులో చదివి వినిపించాలి. హింసకు గురైన స్త్రీతో మాత్రం వీలైనంతవరకు ఎదురుగా కూర్చునే మాట్లాడాలి. రాలేకపోయినవాళ్లను అడగకుండా ఏ తీర్మానమూ ఆమోదించకూడదు. వాళ్ల పేరుమీదే కదా మనం సమావేశమవుతున్నది!