అస్సాంకిచ్చిన మినహాయింపు ఆటోనగర్‌కు ఎందుకు లేదు?

వలస కూలీ ఆటోలోనో, ఆసుపత్రి మెట్ల మీదో ప్రసవించిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ వ్యాఖ్యానం ఒకే దారి పడుతుంది: వాళ్లకి అవగాహన లేదు, నెలలు నిండేదాకా డాక్టరు మొహం చూడరు. ఇది తప్పు. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో పనిచేసే బిహారీ, ఒడియా కార్మికుల భార్యలకైనా, డెల్టా ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడా నుంచి వచ్చే ఆడవాళ్లకైనా కొరవడింది అవగాహన కాదు, కాగితం మీద పేరు. కొత్త పంట పండగ నువాఖాయి వెళ్లాక కూలీల దళారి అయిన సర్దార్ అడ్వాన్సు పెట్టేది మొగుడి చేతిలో. కూలి వెయ్యి ఇటుకలకింతని లెక్క. మట్టి కలిపి ముద్దలందించేదీ, పచ్చి ఇటుకలు ఎండకు తిరగేసేదీ ఆమె. పద్దు మాత్రం అతని పేరునే ఉంటుంది.

ఆ పద్దే ఆమె హక్కును మింగేస్తోంది. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం ఐదో సెక్షన్ ప్రకారం కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో అదే యజమాని దగ్గర మొదట 160 రోజులు పనిచేసి ఉండాల్సి వచ్చేది. 1988 సవరణ దాన్ని 80 రోజులకు తగ్గించింది. 2017లో సెలవు 26 వారాలకు పెరిగినా, 2020 సామాజిక భద్రతా కోడ్ వచ్చినా ఆ 80 రోజులు అలాగే ఉన్నాయి. మస్టర్‌లో పేరే లేని మనిషి ఎనభై కాదు, ఎనిమిది రోజులైనా ఎలా రుజువు చేస్తుంది? ఎవరూ ప్రస్తావించని సంగతొకటి ఆ సెక్షన్‌లోనే ఉండేది: గర్భంతో అస్సాంకు వలస వచ్చిన స్త్రీకి ఈ షరతు వర్తించేది కాదు. తేయాకు తోటలకు కూలీలు తరలివెళ్లిన రాష్ట్రమది. కడుపుతో ఊరు దాటినామె పనిదినాల లెక్క చూపలేదని పార్లమెంటుకు అప్పుడే తెలుసు. తెలిసీ ఒక్క రాష్ట్రంతో ఆపేసింది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమూ ఆదుకోలేదు. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారినే అది వలస కార్మికులుగా చూసేది. మొగుడి వెంట వచ్చిన మనిషి ఆ లెక్కలోకి వచ్చేది కాదు.

కాన్పు ఉచితమే కదా అంటారు. నిజమే. 2011 నుంచి జననీ శిశు సురక్ష కింద సర్కారు ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం, రవాణా అన్నీ ఉచితం. 2018-20లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు ఒడిశాలో 119, మన ఆంధ్రప్రదేశ్‌లో 45; ఇక్కడికి రావడమే ఆమెకు మేలన్న మాటా వినిపిస్తుంది. కానీ ఆ 45 రాష్ట్రమంతటికీ సగటు. ఒకచోట స్థిరంగా ఉండి, ఏఎన్‌ఎం ఇల్లు వెతుక్కుంటూ రాగా తల్లీబిడ్డ కార్డు నింపుకున్న తల్లులే అందులో ఎక్కువ. రక్తహీనత, బీపీ కాన్పు రోజున పుట్టేవి కావు, నెలల తరబడి ముదిరేవి. బీపీ చూపించుకోవడానికి ఒక పూట పోతే ఆ పూట ఇటుకలూ పోతాయి, అడ్వాన్సు తీరదు. సొంతూరు వెళ్లి కనమనడమూ సులువే. బాకీ తీరకుండా బట్టీ దాటనిస్తారా? జననీ సురక్షా యోజన ఒడిశా పల్లెలో సర్కారు ఆసుపత్రిలో కన్న ప్రతి తల్లికీ 1,400 రూపాయలు నిర్ణయించింది. అదే తల్లి విజయవాడలో ప్రసవిస్తే 600, అదీ పేదరికం రుజువైతేనో, ఎస్సీ, ఎస్టీ అయితేనో.

పొరుగు రాష్ట్రం మనిషి భారం మనకెందుకన్న ప్రశ్నకు ఢిల్లీ హైకోర్టు 2010లోనే లక్ష్మీ మండల్ కేసులో జవాబిచ్చింది: పేదరాలు రాష్ట్రం మారినంత మాత్రాన తన పేదరికాన్ని మళ్లీ రుజువు చేసుకోనక్కర్లేదు. మస్టర్ రోల్ కూలీలకూ ప్రసూతి హక్కు ఉందని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. పది మంది కూడా లేని షెడ్డు యజమాని 26 వారాల జీతం మోయలేడన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. అందుకే ఆ డబ్బు ఒక్కొక్క యజమాని జేబులోంచి కాక ఉమ్మడి నిధి నుంచి రావాలి. పేరు నమోదు చేసే బాధ్యత మాత్రం యజమానిదే. జంటగా పనిచేయించుకుని ఒక్కరి పేరే రాస్తే, రెండో మనిషి 80 రోజులూ పనిచేసినట్టే చట్టం భావించాలి. కాదని రుజువు చేసుకోవలసింది యజమాని. అస్సాం మినహాయింపులోంచి రాష్ట్రం పేరు తీసేసి, మిగతా వాక్యాన్ని సామాజిక భద్రతా కోడ్‌కు సవరణగా తెస్తే అందుకు దారి పడుతుంది.