బంకులో పెట్రోలుంది, కరెంటు లేదు!

మీ ఊరి పెట్రోలు బంకును మీరు ఎన్నోసార్లు చూసి ఉంటారు. అక్కడ పెట్రోలు ఎక్కడ ఉంటుందని అడిగితే మీలో చాలామంది గొట్టం వేలాడే ఆ యంత్రాన్నే చూపిస్తారు. నిజానికి ఆ యంత్రంలో ఉండేది కొలిచే మీటరు, దానికి సంబంధించిన సరంజామా మాత్రమే. వేలాది లీటర్ల పెట్రోలు మీ కాళ్ళ కింద, భూమిలో పాతిన పెద్ద పెద్ద ట్యాంకులలో ఉంటుంది. దాన్ని పైకి తెచ్చేది విద్యుత్ మోటారు. కొన్ని బంకులలో మోటారు పైనున్న యంత్రంలోనే ఉండి పెట్రోలును పీలుస్తుంది. మరికొన్నింటిలో పంపు ట్యాంకులోనే మునిగి ఉండి పైకి నెడుతుంది. ఏ పద్ధతిలోనైనా సరే, కరెంటు పోతే చుక్క రాదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. లీటరు పెట్రోలు ద్రవ్యరాశి సుమారు 0.74 కిలోగ్రాములు. దాన్ని 5 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి ఎంత పని చేయాలి? 0.74ను గురుత్వ త్వరణం 9.8తోను, ఎత్తు 5తోను గుణించండి. సుమారు 36 జౌళ్ళు వస్తుంది. ఘర్షణకూ మోటారు నష్టాలకూ ఇంకొంత కలుపుకోండి, పరవాలేదు. అదే లీటరు పెట్రోలు మండితే వెలువడే శక్తి 3 కోట్ల జౌళ్ళకు పైమాటే! అంటే పట్టుమని వంద జౌళ్ళ పని చేసే దిక్కులేక 3 కోట్ల జౌళ్ళ శక్తి భూమిలో పడి ఉంటుందన్నమాట.

"మూత తీసి బాల్చీతో తోడుకోరాదా?" అని మా తొమ్మిదో తరగతిలో ఒకడు అడిగాడు. తోడకూడదు. పెట్రోలు సున్నాకు దిగువన 40 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కూడా నిప్పంటుకునేంత ఆవిరిని ఇస్తుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు కనుక ఎగిరిపోకుండా నేలమీదే పాకుతుంది. ఎక్కడో ఒక నిప్పురవ్వ చాలు.

మామూలు రోజున కరెంటు గంటసేపు పోతే ఇదంతా పెద్ద విషయం కాదు. తుపాను మర్నాడు సంగతి వేరు. ఆసుపత్రి జనరేటరుకు డీజిలు కావాలి. అంబులెన్సుకు కావాలి. విరిగిన స్తంభాలను ఎత్తి కరెంటును తిరిగి తెప్పించే సిబ్బంది లారీకి కూడా డీజిలే కావాలి. కరెంటు రావాలంటే డీజిలు, డీజిలు రావాలంటే కరెంటు!

అమెరికాలో ఈ చిక్కు చట్టసభ దాకా వెళ్ళింది. 2005 అక్టోబరు 24న విల్మా అనే తుపాను ఫ్లారిడా రాష్ట్రాన్ని తాకి లక్షలాది ఇళ్ళను చీకటిలో ముంచింది. నిల్వలున్న బంకులు కూడా కరెంటు లేక మూతపడ్డాయి. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం చట్టం చేసింది. కొత్తగా కట్టే బంకులలో జనరేటరును తగిలించడానికి కావలసిన వైరింగు, స్విచ్చి ముందే అమర్చి ఉండాలన్నది. పెద్ద రహదారులకు, ప్రజలను ఖాళీ చేయించే దారులకు అరమైలు లోపల ఉన్న పెద్ద బంకులకూ ఇదే నియమం పెట్టింది. పంపులే కాదు, డబ్బు చెల్లించే యంత్రాలు కూడా ఆ కరెంటుతో పనిచేయాలట. ఫోనుతో డబ్బు చెల్లించే ఈ రోజుల్లో ఆ షరతు విలువ మీకు వేరే చెప్పాలా?

న్యూయార్కు, న్యూజెర్సీ ప్రాంతాలకు ఈ పాఠం 2012 అక్టోబరు 29న శాండీ తుపానుతో వచ్చింది. బంకుల ముందు బారులు ఎంతగా పెరిగాయంటే, కారు నంబరు చివరి అంకె సరి అయితే ఒక రోజు, బేసి అయితే మరో రోజు పెట్రోలు పోశారు. ఆ నగరంలోని బెల్‌వ్యూ ఆసుపత్రి కథ మరీ విచిత్రం. జనరేటర్లు 13వ అంతస్తులో భద్రంగానే ఉన్నాయి. వాటికి చమురు పంపే పంపులు మాత్రం నేలమాళిగలో నీట మునిగాయి. సిబ్బంది, సైనికులు మెట్లమీద వరుసగా నిలబడి చేతుల మీదుగా చమురును పైకి చేరవేశారు. మన 36 జౌళ్ళ లెక్కలో ఎత్తును మార్చి, ఆ మనుషులు లీటరుకు ఎంత పని చేశారో మీరే కట్టి చూడండి. చివరికి రోగులను వేరే ఆసుపత్రులకు తరలించక తప్పలేదు.

ఇలాంటి చట్టం మన తీరప్రాంతానికీ కావాలని నా అభిప్రాయం. అయితే "ప్రతి బంకులోనూ ఒక జనరేటరు" అని రాసి చేతులు దులుపుకొంటే చాలదంటాను. మన బంకులలో చాలావాటికి జనరేటరు ఉండనే ఉంది, కరెంటు కోతల పుణ్యమా అని. ఉండటం వేరు, అక్కరకు రావడం వేరు. నెలల తరబడి తిప్పని ఇంజనుకు బ్యాటరీ దిగిపోతుంది. నేలమీద పెట్టిన జనరేటరు వరదనీటిలో మునుగుతుంది. కాబట్టి వైరింగు, చేంజోవర్ స్విచ్చి ప్రతి బంకులోనూ ఉండాలి. జనరేటరు లేనిచోటికి, పాడైనచోటికి తీసుకువెళ్ళడానికి జిల్లాలో కొన్ని సిద్ధంగా ఉంచాలి. ఉన్నవాటిని నెలకొకసారి పంపులన్నీ వేసి నడిపి చూపించాలి. ఉత్తినే ఇంజను తిప్పి ఆపేస్తే పరీక్ష కాదు.

ఆ స్విచ్చి మీద నాకెందుకింత పట్టుదల? పదో తరగతివారు ట్రాన్స్‌ఫార్మరు పాఠం గుర్తు తెచ్చుకోండి. మన వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టులను 415 వోల్టులకు తగ్గిస్తుంది. కంగారులో ఎవరో జనరేటరు తీగను నేరుగా మెయిన్లకు కలిపారనుకోండి. అప్పుడు అదే ట్రాన్స్‌ఫార్మరు ఎదురు దిశలో పనిచేసి 11,000 వోల్టులను బయటి తీగల్లోకి పంపగలదు. కరెంటు లేదనే ధైర్యంతో స్తంభమెక్కిన లైన్‌మన్ గతి ఏమిటి? చేంజోవర్ స్విచ్చి ఉంటే బంకు ఒకేసారి జనరేటరుకూ వీధి తీగకూ కలవడం అసాధ్యం.

పదేళ్ళకొకసారి వచ్చే తుపానుకు ఇంత ఖర్చా అని బంకు యజమానులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. న్యూయార్కు రాష్ట్రం అందుకే కొంత ధనసహాయం చేసింది, మనమూ చేయవచ్చు. కాని ప్రతి బంకులోనూ ఇసుక నింపిన ఎర్ర బాల్చీలు వేలాడుతుంటాయి. అవి చివరిసారి ఎప్పుడు వాడారని ఎవరూ అడగరు. ఇంకొకరు, కరెంటున్నా ట్యాంకులో పెట్రోలే లేకపోతే ఏం లాభమంటారు. అదీ నిజమే. శాండీ తర్వాత ఓడరేవులోని చమురు డిపోలే నడవక చాలా బంకులు ఎండిపోయాయి. అందుకేనేమో, ఫ్లారిడా చట్టం డిపోలు కూడా 72 గంటలు సొంత కరెంటుతో నడవగలగాలని ముందే పట్టుపట్టింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు మీలో పెద్దవారు కూడా పసిపిల్లలే. ఇంట్లో అడిగి తెలుసుకోండి. రోజుల తరబడి కరెంటు లేదు, సెల్‌ఫోన్లు మూగబోయాయి, పెట్రోలు కోసం జనం బారులు తీరారు. 1957 నుంచి చమురు శుద్ధి కర్మాగారం ఉన్న ఊరది!

ఈసారి నాన్నగారితో బంకుకు వెళ్ళినప్పుడు జనరేటరు ఎక్కడుందో చూడండి. నేలమట్టం నుంచి ఎంత ఎత్తులో ఉందో, కిందటిసారి ఎప్పుడు నడిపారో అక్కడివారిని మర్యాదగా అడిగి మాకు రాయండి. ఫోను మాత్రం జేబులోంచి తీయకండి.