చిన్న ఊరి నిర్ణయం ఎక్కడ జరుగుతోంది?

దాదాపు రెండేళ్ల తర్వాత తెలంగాణ పల్లెలకు మళ్లీ సర్పంచులు వచ్చారు. 2019 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లోనే తీరిపోయింది. 2025 డిసెంబరులో మూడు విడతల పోలింగ్ ముగిసేదాకా ఊళ్లను ప్రత్యేకాధికారులే నడిపారు. ఎన్నికల వేళ చర్చంతా రిజర్వేషన్ల మీద, ఏకగ్రీవాల మీద, ఏ పార్టీ బలపరిచినవాళ్లు ఎందరు గెలిచారన్న లెక్కల మీద సాగింది. గెలిచినవాళ్లు ఆ కుర్చీలో కూర్చుని ఏం నిర్ణయించగలరని అడిగినవాళ్లు తక్కువ. అడగాల్సింది మాత్రం అదే, ముఖ్యంగా చిన్న ఊళ్ల విషయంలో.

2018 నాటి పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు పుట్టాయి. ఐదు వందల జనాభా ఉన్న తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. మా తండాలో మా రాజ్యం అని లంబాడాలు ఏళ్ల తరబడి చేసిన డిమాండ్ అలా తీరింది. అది నిజంగా గొప్ప మార్పు. అంతకుముందు తండావాసికి వీధిదీపం కావాలన్నా పక్క పెద్దూరి సర్పంచ్ ఇంటి ముందు నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు సర్పంచ్ తన తండావాడే. వార్డు సభ్యులూ అక్కడివాళ్లే. ఊరికో కార్యదర్శి కూడా వచ్చాడు.

అయితే ఆ తండా పంచాయతీ జమాఖర్చులు ఒకసారి ముందేసుకుని చూడండి. ఇంటి పన్ను తప్ప చెప్పుకోదగ్గ సొంత ఆదాయం లేదు. సంత లేదు, దుకాణాల సముదాయం లేదు, లేఅవుట్ ఫీజులు లేవు. ఖర్చుల పద్దు మాత్రం ముందే రాసిపెట్టి ఉంది. ఐదు వందల మందికి ఒకరి చొప్పున మల్టీపర్పస్ వర్కర్‌కు మొదట నెలకు 8,500 రూపాయలు, తర్వాత 9,500 జీతం. ప్రభుత్వ పల్లె ప్రగతి కార్యక్రమం కింద కొన్న ట్రాక్టర్‌కు బ్యాంకు వాయిదా, డీజిల్, డ్రైవర్. బోరు మోటారుకూ వీధిదీపాలకూ కరెంటు బిల్లు. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పోవాలి, నర్సరీ నడపాలి. కేంద్రం నుంచి 15వ ఆర్థిక సంఘం నిధులు వచ్చినా అందులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టేసినవే. మిగతా 40 శాతాన్ని జీతాలకు వాడకూడదన్నారు. ఇవన్నీ పోగా పాలకవర్గం కూర్చుని, ఈ ఏడు మన ఊరికి ఏది ముందు అని తేల్చుకోవడానికి మిగిలేది అతి స్వల్పం.

ఆ పథకాలను నేను తక్కువ చేయడం లేదు. చనిపోయినవాళ్లను వాగొడ్డున దహనం చేసిన ఊళ్లకు వైకుంఠధామం రావడం మర్యాదకు సంబంధించిన విషయం. చెత్త బండి రావడం ఆరోగ్యానికి సంబంధించినది. నా అభ్యంతరం ఒకటే. పది వేల జనాభా ఉన్న మేజర్ పంచాయతీకీ ఐదు వందల మంది తండాకూ ఒకే జాబితా పంపారు. ట్రాక్టర్ కావాలా, నాలుగు తండాలు కలిసి ఒకటి కొనుక్కుంటే చాలదా అని ఏ గ్రామసభనూ అడగలేదు. అడిగి ఉంటే చాలా చోట్ల ఆ వాయిదా సొమ్ము బడి ప్రహరీకో, ఎండాకాలం నీళ్లకో మిగిలేది.

చట్టమూ సర్పంచ్ చూపును ఊరి నుంచి మండలాఫీసు వైపు తిప్పేసింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి అని నిబంధనలు పెట్టింది. అవి మంచివే. కానీ సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్ చేతిలో ఉంచింది. సర్పంచ్‌కు, ఉప సర్పంచ్‌కు కలిపి ఇచ్చిన చెక్ పవర్ కూడా ట్రెజరీ గడప దగ్గర ఆగిపోతుంది. చెక్కు రాస్తే చాలదు, ట్రెజరీ పాస్ చేయాలి. అప్పులు తెచ్చి పనులు చేసిన మాజీ సర్పంచులు పదవి దిగాక కూడా బిల్లుల కోసం ఆందోళనలు చేశారు. ఇది చూసిన కొత్త సర్పంచ్ నేర్చుకునే పాఠం ఏమిటి? ఊరికి ఏది అవసరమో దాన్ని కాదు, బిల్లు ఏది త్వరగా పాసవుతుందో ఆ పని చేయాలని. చిన్న ఊరి నిర్ణయం దారి తప్పేది అక్కడే.

జనానికి ఆసక్తి లేదు, గ్రామసభకు ఎవరూ రారు అనే మాట అధికారుల నోట తరచూ వింటాం. నేను ఒప్పుకోను. 2025 జనవరి 21 నుంచి 24 వరకు రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, రైతు భరోసా, ఆత్మీయ భరోసా జాబితాల మీద జరిగిన గ్రామసభలు గుర్తు చేసుకోండి. జనం పోటెత్తారు. కూలి మానుకుని వచ్చారు. పేరు లేనివాళ్లు నిలదీశారు, చాలా చోట్ల గొడవలయ్యాయి. ఆ కోపానికి కారణం స్పష్టం. జాబితా ఎక్కడో తయారై వచ్చింది, సభకు దాన్ని వినే పని మాత్రమే మిగిలింది. మిగతా రోజుల్లో కార్యదర్శి రిజిస్టర్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి సంతకాలు చేయించుకుంటే కోరం నిండుతుంది. తమ మాటతో ఏదీ మారదని తెలిసిన మనిషి పని వదులుకుని ఎందుకు వస్తాడు?

పంచాయతీ నిర్ణయించలేని చోట నిర్ణయాలు ఆగిపోవు. ఇంకెవరో తీసుకుంటారు. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల ప్రాంతాల్లో గ్రామాభివృద్ధి కమిటీలను చూడండి. వీడీసీలంటే అక్కడ తెలియనివాళ్లు లేరు. కులాలవారీగా పెద్దమనుషులు కూర్చునే ఈ కమిటీలకు చట్టం ఇచ్చిన అధికారం ఏదీ లేదు. బెల్టుషాపు వేలం వేస్తారు, ఇసుక మీద వసూలు చేస్తారు. ఆ డబ్బుతో గుడి కడతారు, రోడ్డు వేస్తారు. వాళ్లకు ట్రెజరీ లేదు, పనుల కొలతల రికార్డు (ఎంబీ) అక్కర్లేదు, ఆడిట్ రాదు. పొద్దున అనుకున్న పని సాయంత్రానికి మొదలవుతుంది. అందుకే ఊళ్లో చాలామంది పంచాయతీ కన్నా వీడీసీనే నమ్ముతారు. ఎదురు తిరిగిన కులాన్ని, కుటుంబాన్ని వెలివేసేదీ ఇలాంటి కమిటీలే. కిరాణా సామాను ఇవ్వొద్దు, పనికి పిలవొద్దు, మాట్లాడితే జరిమానా అని హుకుం వేస్తాయి. ఇలాంటి బహిష్కరణల మీద పోలీసు కేసులూ నమోదయ్యాయి.

ఇక్కడ జరుగుతున్న నష్టాన్ని గట్టిగా చెప్పాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలవి. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు వాటా ఉంది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చాక తరాల పెత్తనాన్ని కదిలించిన మార్పు అది. దళిత మహిళ సర్పంచ్ కుర్చీ దాకా వచ్చేసరికి నిర్ణయం ఆ కుర్చీని వదిలి రచ్చబండ మీది పెద్దమనుషుల దగ్గరికి వెళ్లిపోతే, రిజర్వేషన్ ఆమెకిచ్చింది సంతకం పెట్టే పని మాత్రమే.

చిన్న ఊరు నిర్ణయించుకోలేదా అంటే, వరంగల్ జిల్లా గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి చాలాకాలం కిందటే జవాబు చెప్పింది. మచ్చాపూర్ నుంచి విడిపోయి సొంత పంచాయతీ అయిన చిన్న ఊరు అది. తాగునీటికి, పారిశుద్ధ్యానికి, చదువుకు, మద్యనిషేధానికి విడివిడిగా కమిటీలు పెట్టుకుంది. ఇంటి పన్ను నూటికి నూరు పాళ్లు కట్టే ఊరిగా పేరు తెచ్చుకుంది. అక్కడి కమిటీలకూ వీడీసీలకూ తేడా ఉంది. అవి పంచాయతీతో కలిసి పనిచేశాయి, వాటి డబ్బు లెక్క ఊరి ముందుకొచ్చేది. పన్ను కట్టినవాడికి అడిగే నోరు వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ కథ వేరే దారిలో నడిచి ఇదే చోటికి చేరింది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు ఊరికి ఉద్యోగుల్ని ఇచ్చాయి, సర్పంచ్‌కు వాళ్లమీద అజమాయిషీ ఇవ్వలేదు. 2021లో ఎన్నికైన సర్పంచులు ఖాతాలు చూసుకునేసరికి ఆర్థిక సంఘం నిధులు కరెంటు బకాయిల కింద జమ అయిపోయాయి. పార్టీలకు అతీతంగా సర్పంచులు రోడ్డెక్కారు. స్వాతంత్ర్య దినోత్సవ వేడుకలకు మైనర్ పంచాయతీకి దశాబ్దాలుగా ఇస్తూ వచ్చింది వంద రూపాయలే. 2024లో దాన్ని పది వేలు చేశారు. అదే ఏడాది ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనుల మీద తీర్మానాలు చేయించారు. మంచి ప్రయత్నమే, కానీ తేదీ, ఎజెండా రాజధాని నుంచే వెళ్లాయి. ఎజెండా ఊరు రాసుకునే రోజు ఇంకా రావాలి.

అందుకు పెద్ద చట్టాలేమీ అక్కర్లేదు. జనాభా లెక్కన పంచే నిధులు చిన్న ఊరికి ఎప్పటికీ చాలవు కాబట్టి, ప్రతి పంచాయతీకి ఏ షరతూ లేని కనీస మొత్తం ఏటా ఇవ్వాలి. అది గ్రామసభ తేల్చిన పనికే ఖర్చు కావాలి. చెక్కు ట్రెజరీలో ఎన్నాళ్లు ఉండొచ్చో గడువు పెట్టాలి. వీడీసీల వేలాలు ఆపించి, ఊరి పేరున వసూలైన ప్రతి రూపాయినీ పంచాయతీ ఖాతాలోకి తేవాలి. ఇది చేయడానికి పోలీసులకూ కలెక్టర్లకూ ఇప్పుడున్న అధికారాలే సరిపోతాయి. సభకు ముందు మహిళా సంఘాలతో విడిగా కూర్చుంటే, సభలో నోరెత్తలేని విషయాలు ఎజెండాలోకి వస్తాయి.

ప్రభుత్వం ఇవన్నీ చేసేదాకా కొత్త సర్పంచులు ఆగనక్కర్లేదు. ప్రత్యేకాధికారుల కాలంలో ఊరి ఖాతాలోకి ఎంత వచ్చింది, దేనికి పోయింది, ఎవరికి ఎంత బాకీ ఉంది అన్నది తొలి గ్రామసభలోనే పద్దు పద్దుగా చదివించాలి. వార్డు సభ్యులందరికీ ఆ కాగితం ముందురోజే అందాలి. చివర్లో మిగిలిన మొత్తం వెయ్యి రూపాయలే అయినా సరే, దాన్ని ఎక్కడ ఖర్చు పెడదామని సభనే అడగాలి.